బొమ్మల డిగ్రీ: తూచకుండ కొనొద్దు, అడగకుండ వదలొద్దు

పోయిన ఎండకాలం మా అక్క ఫోను చేసి, "తమ్మీ, బర్రెను అమ్ముతున్న, మంచి బేరం ఉంటె చూడు" అన్నది. పాలిచ్చే బర్రెను ఎందుకమ్ముతవే అని అడిగిన. "పిలగానికి గ్రాఫిక్ డిగ్రీల సీటొచ్చింది. పట్నం కాలేజోళ్లు మన వాడకే వచ్చి చెప్పిపోయిండ్రు. వారం దినాలల్ల 30 వేలు కట్టకుంటె సీటు పోతదట" అన్నది. పరీక్ష పెట్టలేదు, ఒక్క బొమ్మ గీయించి చూడలేదు, సీటు మాత్రం వచ్చింది. జనగామ దగ్గరి మా ఊర్లె ఇంటర్ పాసైన పిల్లలున్న ప్రతి ఇంటికి గసుంటి సీటే వచ్చింది.

నేను గోడరాతలు రాసి బతికినోన్ని. 1991 ఆగస్టుల చుండూరు ఘోరం జరిగినప్పుడు బకెట్ల గేరు, సున్నం కలుపుకొని జనగామ నుంచి మహబూబాబాద్ దాక రాత్రిళ్లు గోడల మీద రాసినోళ్లల్ల నేనొకన్ని. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. మా కుంచెలు అటకెక్కినయి. కాబట్టి మేనల్లుడు బొమ్మల చదువు చదువుతనంటె నాకు సంతోషమే అయింది. బర్రెను అమ్మకు, ముందు నేను చూసొస్త అని అక్కకు చెప్పి, పిలగాన్ని వెంటబెట్టుకొని ఆ కాలేజీకి పోయిన.

అద్దాల గది, ఏసీ, మెత్తటి సోఫా. కౌన్సిలర్ అనెటాయన వచ్చి కూసున్నడు. యూనివర్సిటీ ఏది అని అడిగితె వేరే రాష్ట్రంది చెప్పిండు. ల్యాబ్ చూపెట్టుమంటె తాళంచెవి ఉన్నాయన రాలేదన్నడు. సిలబస్ కాయితం అడిగితె రంగుల బ్రోచరునే మళ్ల చేతుల పెట్టిండు. పాఠం చెప్పే సార్లు ఎందరున్నరంటె "అందరు ఇండస్ట్రీ ఎక్స్‌పర్టులే" అన్నడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తదా అంటె "వస్తది, ముందుగాల మీరు కట్టుండ్రి" అన్నడు. డబ్బులు కడితె ఇచ్చే రసీదు ఎట్లుంటదో చూపెట్టుమన్న. చూపెట్టిండు. దాని మీద డిగ్రీ అనే మాటే లేదు. సర్టిఫికెట్ ప్రోగ్రాం అని ఉన్నది.

వాపసు వచ్చేటప్పుడు బస్సుల పిలగాడు, "మామా, నాకు రాసిపెట్టి లేదు గావచ్చు" అన్నడు. నాకు మంట పుట్టింది. రాసిపెట్టి లేదు అనే మాటతోనే గదా మన తాతలను బడి అరుగు ఎక్కనియ్యలేదు! ఎవడో అద్దాలగదిల కూసున్నోడు మోసం చేస్తె, నా నొసటి రాతనే బాగలేదని మన పిల్ల అనుకోవాల్నా? రాసిపెట్టిన రాతలు ఏమీ లేవు. తెలుసుకునే రాతలున్నయి. అందుకే ఇది రాస్తున్న.

బొమ్మలతో పొట్ట నిండుతదా?

ముందుగా మనలోపలి మాట మాట్లాడుకుందాం. మన సంఘాల పెద్దలు కొందరు, "బొమ్మలు గీసే చదువు మనకెందుకు? ఇంజినీరింగు చదవాలె, గ్రూప్స్ రాయాలె, టీచర్ నౌకరి చేయాలె" అంటున్నరు. నౌకరీలు కావాలె, కాదనెటోడు ఎవడు? గాని బొమ్మల చదువంటె పెద్దింటి పిల్లల సరదా అనుకునుడు తప్పు.

మహబూబాబాద్ మిర్చి చేన్లల్ల మందు కొట్టే కూలీని అడుగుండ్రి. మందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చదరం గుర్తు ఒకటి ఉంటది. దాని కింది సగంల ఎర్రరంగు ఉంటె అది అతి విషం, పుర్రె బొమ్మ కూడ ఉంటది. పసుపు ఉంటె అంతకు కొంచెం తక్కువ, నీలం ఉంటె మధ్యరకం, ఆకుపచ్చ ఉంటె అన్నిటికంటె తక్కువ విషం. 1971 నాటి పురుగుమందుల నియమాలల్ల ఉన్న ఏర్పాటు ఇది. చదువురాని మనిషి ప్రాణం కాపాడాలని పెట్టిన బొమ్మ. గాని ఆ రంగుకు అర్థమేందో మన కూలీలల్ల ఎందరికి ఎరుక? డబ్బాతోటి వచ్చే కాయితం మీద అక్షరాలు చీమకాళ్ల లెక్క ఉంటయి. కళ్లద్దాలు పెట్టుకున్నోళ్లకే కనవడయి, ఎండల చేన్ల నిలబడ్డోళ్లకు ఏం కనవడతయి? ఆ అక్షరాన్ని గింత చిన్నగ పెట్టినోడు మందు కొట్టే మనిషిని మనసుల పెట్టుకోలేదు. మందు కొట్టినోళ్ల బిడ్డ ఆ డబ్బా తయారుచేస్తె గట్ల పెడుతదా?

గ్రాఫిక్ కమ్యూనికేషన్ అంటె గిదే. అక్షరం, బొమ్మ, రంగు, ఖాళీ జాగ, ఈ నాలుగింటిని కూర్చి ఎదుటి మనిషికి కబురు అందించే విద్య. 1951-52ల తొలి సాధారణ ఎన్నికలు పెట్టినప్పుడు చదువురాని జనం ఓటెట్ల వేస్తరని ప్రశ్న వచ్చింది. పార్టీలకు గుర్తులు ఇచ్చిండ్రు, ఆ గుర్తులు చూసి జనం ఓటేసిండ్రు. అంబేద్కర్ పోరాడి రాజ్యాంగంల నిలబెట్టిన ఓటు హక్కు మన అవ్వల దాక బొమ్మ మీద ఎక్కే వచ్చింది. గసుంటి విద్యను పనికిరానిది అనుడు మనకు చెల్లదు.

ఈ విద్య మనకు కొత్తదీ కాదు. మాదిగల కులపురాణం జాంబపురాణాన్ని డక్కలోళ్లు బట్ట మీద వేసిన పటం విప్పి, ఒక్కొక్క గడి చూపుకుంట చెప్పిండ్రు. చాకలి, గౌడ, గొల్ల, పద్మశాలి, ముదిరాజ్, మంగలి కులాలకు కూడ వేరువేరు పటాలు, వేరువేరు కథకులు ఉన్నరు. ఆ పటాలు వేసింది చేర్యాల నకాషీలు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాల ఉన్నది గాని 2016 దాక మన వరంగల్ జిల్లాదే. చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి బట్టకు పూసి, ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేల వేసి బొమ్మలు గీస్తరు. ఊరి నడుమ రాత్రి దీపం వెలుగుల దూరం కూసున్న మనిషికి కూడ కనవడాలె గనుక ముదురు రంగులు, దొడ్డు గీతలు. ఏ కాలేజీల చెప్పకముందే చూసే మనిషి ఎంత దూరంల ఉన్నడో లెక్కగట్టి గీసిండ్రు. అటు గోదావరి అడవి వైపు పోతె కోయ డోలీలు పడిగె బట్ట పట్టి తమ గట్టుల కథలు, వంశాల కథలు చెప్తరు. బొమ్మతో చరిత్ర చెప్పుడు అంటరాని వాడల్ల, గూడేలల్ల పుట్టి పెరిగిన విద్య. ఇప్పుడు దానికి ఇంగ్లీషు పేరు పెట్టి, లక్షల ఫీజు గట్టి మనకే అమ్ముతున్నరు!

గీసేటోని చెయ్యి, గీయబడినోని బతుకు

ఈ పని మన చేతుల్లో లేకుంటే ఏమయితదో చెప్త. 2012లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని ఒక కార్టూన్ మీద పార్లమెంటు దద్దరిల్లింది. 1949లో శంకర్ గీసిన బొమ్మ అది. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్ కూసున్నడు, వెనుక నెహ్రూ కొరడా ఎత్తి ఉన్నడు. పిల్లల పుస్తకంల దాన్ని పెట్టినోళ్లకు అందుల ఏ తప్పూ కనవడలేదు. మనకు మాత్రం కొరడా కనవడ్డది. ఎందుకంటె ఆ కొరడా మన వీపుకు ఎరుక. అటెన్క మన తెలుగు దళిత పరిశోధకుడు, కార్టూనిస్టు ఉన్నమాటి శ్యాంసుందర్ 1932 నుంచి 1956 దాక ఇంగ్లీషు పత్రికలల్ల అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లన్ని తవ్వితీసి 2019లో పుస్తకం వేసిండు. బాబాసాహెబ్‌ను పొట్టిగ, ఏడ్పుమొగంతో, ఆడవేషంల, గాంధీ పక్కన పిలగాని లెక్క ఎట్ల గీసిండ్రో అందుల కనవడతది. గీత గీసినోని కులం గీతల కనవడదు అనెటోళ్లు ఆ పుస్తకం ఒక్కసారి తిరగేయాలె.

బాబాసాహెబ్‌కు ఈ సంగతి అందరికంటె ముందే ఎరుక. 1920లో మూక్‌నాయక్ పెట్టిండు, 1927లో బహిష్కృత్ భారత్, 1930లో జనతా. సొంతానికి భారత్ భూషణ్ అచ్చు యంత్రశాల నడిపిండు. హైదరాబాదుల భాగ్యరెడ్డివర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టిండు. పక్కోని ప్రెస్సుల మన మాట అచ్చుగాదు అని వాళ్లకు అనుభవం మీద తెలిసింది. మనం మాత్రం ఇయ్యాల్టికి ఏప్రిల్ 14 ఫ్లెక్సీని ఎవనికో అప్పజెప్పి వస్తున్నం. అందుల బాబాసాహెబ్ ఫోటో అరచేయంత, ఎమ్మెల్యే ఫోటో తలుపంత! డబ్బులు ఇచ్చినోడు చెప్పిండు, కంప్యూటర్ ముందర కూసున్న పిలగాడు పెట్టిండు. ఆ కూసున్నది మన పిలగాడే అయినా ఎదురు చెప్పే బలం లేదు. రోజుకూలీ గదా.

జనగామ, మానుకోట, భూపాలపల్లిల డీటీపీ షాపులల్ల, ఫ్లెక్సీ షాపులల్ల చూడుండ్రి. పొద్దుగూకినా పెండ్లి కార్డులు, ఓట్ల కరపత్రాలు టైపు కొట్టేది ఎక్కువ మంది మన వాడల పిల్లలే. పని వాళ్లది, షాపు మీద పేరు వేరేటోళ్లది. పదేండ్లు పనిచేసినా చేతుల కాయితం ఉండదు. పత్రికాఫీసుల, అడ్వర్టైజ్‌మెంటు కంపెనీల, సర్కారు ప్రచార విభాగంల నౌకరి పడ్డదంటె "డిగ్రీ ఉన్నదా" అని అడుగుతరు. 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్ల మీద నిషేధం వచ్చింది. ఇప్పుడు ఏఐ వచ్చి నిమిషంల పోస్టరు తయారుచేస్తున్నది. గోడరాతలను ఫ్లెక్సీ మింగినట్టు ఫ్లెక్సీ పిలగాని పనిని ఇది మింగుతది. యంత్రం ఆడే చెయ్యి ఒక్కటే నేర్చుకున్నోడు యంత్రం మారంగనే బజార్ల పడతడు. ఏం చెప్పాలె, ఎవరికి చెప్పాలె, ఎట్ల చెప్తె మనసుకు తాకుతది అని ఆలోచన నేర్చినోడు నిలబడతడు. కాబట్టి మన పిల్లలకు డిగ్రీ కావాలె. గాని ఏ డిగ్రీ?

ఉన్న దార్లను తూకం వేద్దాం

మొదటిది సర్కారుది. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంకుల జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నది. అక్కడి కళల కాలేజీ 1940లో పుట్టింది, 2008లో యూనివర్సిటీ అయింది. బీఎఫ్‌ఏ 4 ఏండ్లు. అందుల అప్లైడ్ ఆర్ట్ అనేది మనం మాట్లాడుకుంటున్న చదువు. ఇంటర్ తర్వాత ప్రవేశపరీక్ష రాయాలె, చూడకుండ గుర్తుతోని బొమ్మ గీయాలె. మంచి సంగతి ఏందంటే: డిగ్రీకి విలువ ఉన్నది, రిజర్వేషన్ ఉన్నది, చేతిగీత నుంచి మొదలుపెట్టి నేర్పుతరు. చెడ్డ సంగతి: మన జిల్లా బడి పిల్లకు ఆ పరీక్ష పేరే తెల్వదు. పట్నంల కోచింగులు తీసుకున్నోళ్లతోని పోటీ పడాలె. సీటొచ్చినా రంగులు, షీట్లు, కెమెరా, ల్యాప్‌టాప్ ఎవరు కొనియ్యాలె? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఫీజుకే గాని కెమెరాకు గాదు.

2025 ఏప్రిల్ 14 నుంచి మన రాష్ట్రంల ఎస్సీ వర్గీకరణ అమలుకొచ్చింది. మొదటి గ్రూపుకు 1 శాతం ఇచ్చిండ్రు, ఆ గ్రూపుల డక్కలోళ్లున్నరు. పటం పట్టుకొని వందల ఏండ్లు బొమ్మ చూపెట్టి కథ చెప్పిన డక్కలి తాత మనుమరాలు ఆ బొమ్మల యూనివర్సిటీ గడప తొక్కేది ఏనాడు? చట్టం తలుపు తెరిచింది. గుడిసె నుంచి ఆ తలుపు దాక తొవ్వ ఎవరు వెయ్యాలె?

రెండోది పెద్ద పేర్లు. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ 1961 నుంచి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొకటి 2015లో మొదలైంది. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉన్నది. ఇవి కేంద్రం సంస్థలు, ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లుంటయి. వాటి నుంచి వచ్చినోళ్లను కంపెనీలు పిలిచి నౌకరి ఇస్తయి. గాని ఐఐటీ డిజైన్ ప్రవేశపరీక్ష ప్రశ్నపత్రం ఇంగ్లీషుదే. ఎన్‌ఐడీ ఫీజు ఏడాదికి లక్షల్ల ఉంటది. స్కాలర్‌షిప్ ముందే ఖాయం చేసుకోకుండ దిగితే అప్పుల కుప్ప. మన పిల్లలు పోవద్దని కాదు. పోవాలె, సంఘం వెనుక నిలబడి పంపాలె.

మూడోది, పదో తరగతి అయిన పిల్లలకు. సికింద్రాబాదుల సర్కారు ప్రింటింగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. పాలిసెట్ రాసి పోవచ్చు, 3 ఏండ్ల డిప్లొమా. ప్లేటు ఎట్ల తయారయితది, నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి ఎట్ల కూసుంటయి అనేది మిషన్ దగ్గర నిలబడి నేర్చుకునే చదువు. ఇది డిగ్రీ కాదు గాని డిగ్రీ అని అబద్ధం చెప్పదు. అదే దాని విలువ.

నాలుగోది ప్రైవేటు యూనివర్సిటీలు. 2018లో తెలంగాణ ప్రైవేటు యూనివర్సిటీల చట్టం చేసింది. 25 శాతం సీట్లు స్థానికులకు అన్నరు, కులాల రిజర్వేషన్ మాత్రం పెట్టలేదు. ప్రైవేటు కాలేజీలల్ల రిజర్వేషన్ పెట్టొచ్చని 2005 నాటి 93వ రాజ్యాంగ సవరణ, అంటే 15(5) అధికరణం, చెప్తనే ఉన్నది. 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం కూడ ప్రైవేటు ఉన్నతవిద్యల ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం ఇచ్చే చట్టం చేయుమని సిఫారసు చేసింది. భూమి తక్కువకు కావాలంటె సర్కారు యాదికొస్తది, సీటు అడిగితే మాత్రం "మాది ప్రైవేటు" అంటరు!

అయిదోది, మా అక్క బర్రె మీద కన్నేసిన రకం. వేరే రాష్ట్రం ప్రైవేటు యూనివర్సిటీ పేరు చెప్పి అంగడి తెరిచేటోళ్లు. ప్రైవేటు యూనివర్సిటీకి బయటి కాలేజీలకు అనుబంధం ఇచ్చే అధికారం లేదు. ఫ్రాంచైజీ పెట్టి డిగ్రీలు ఇచ్చుడు చెల్లదని యూజీసీ చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లో కాయితాల మీద వందకు పైగా ప్రైవేటు యూనివర్సిటీలు పుట్టుకొస్తె 2005లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును కొట్టేసింది. అసుంటి చోట చదివిన పిల్ల మూడేండ్ల తర్వాత నౌకరికి పోతె, ఆ కాయితం చెల్లదంటరు. బర్రె పోయె, వయసు పోయె, పిల్ల ధైర్యం కూడ పోయె. దానికి నష్టపరిహారం ఎవడిస్తడు?

సంఘం మీటింగుల చదివి వినిపించాల్సిన పది ప్రశ్నలు

సీటు కొనేముందు ఇవి అడుగుండ్రి. జవాబు నోటితోని కాదు, కాయితం మీద తీసుకోండ్రి.

1. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ ఏది? యూజీసీ జాబితాల ఉన్నదా? ఈ కాలేజీకి ఆ యూనివర్సిటీ ఇచ్చిన అనుబంధం ఉత్తరం చూపెట్టుండ్రి.

2. డిగ్రీ పేరేంది? బీఎఫ్‌ఏ, బీడిజైన్, బీఏ, బీవోక్ అనేటివి డిగ్రీలు. "ప్రోగ్రాం", "అడ్వాన్స్‌డ్ కోర్సు" అనేటివి కావు. రసీదు మీద కూడ అదే పేరు రాస్తరా?

3. ఈ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తదా? మేనేజ్‌మెంట్ కోటా అని తర్వాత మాట మార్చరు గదా? సర్కారు బకాయి పెడితే హాల్‌టికెట్టు ఆపమని రాసిస్తరా?

4. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎందుకు అడుగుతున్నరు? కాలేజీలు సర్టిఫికెట్లు పట్టి పెట్టుకోవద్దని యూజీసీ 2018 అక్టోబర్‌లోనే ఉత్తర్వు ఇచ్చింది. చూసి వాపసు ఇయ్యాలె.

5. ల్యాబుల కంప్యూటర్లు ఎన్ని? ఒక్కొక్క పిల్లకు వారానికి ఎన్ని గంటలు? ఇప్పుడే లేచి చూద్దాం, తాళం తీయుండ్రి.

6. పాఠం చెప్పేటోళ్లు ఎవరు? ఏం చదివిండ్రు? పోయిన ఏడాది ఉన్నోళ్లే ఈ ఏడాది ఉన్నరా?

7. మొదటి ఏడాది చేతితోని గీయిస్తరా, లేకుంటే మొదటి దినం నుంచే ఫొటోషాప్ బటన్లు నొక్కిస్తరా? బటన్లు నేర్చుకునేందుకు డిగ్రీ అక్కరలేదు. ఇంక్‌స్కేప్, గింప్, స్క్రైబస్ అనేవి పైసా లేకుండ దొరుకుతయి.

8. తెలుగు అక్షరం నేర్పుతరా? మన అక్షరానికి పైన గుడి ఉంటది, కింద ఒత్తు ఉంటది. ఇంగ్లీషు కొలతతోని వరుసలు పెడితె పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగులుతది. పాత అను ఫాంట్లల్ల కొట్టింది యూనికోడ్‌లకు తేవాలంటె ఏం చేయాలె? ఈ సంగతి తెల్వని సారు తెలుగు జనానికి పోస్టరు ఎట్ల నేర్పుతడు?

9. పోయిన మూడేండ్లల్ల చదివినోళ్లు ఎక్కడ పనిచేస్తున్నరు? బ్రోచరుల నవ్వుతున్న బొమ్మలు వద్దు. మన మూడు జిల్లాల నుంచి చదివిన ఒక్కరితోనన్న ఫోన్లో మాట్లాడిపియ్యుండ్రి.

10. మధ్యల మానేస్తే కట్టిన పైసలల్ల ఎంత వాపసిస్తరు? రాసిస్తరా?

ఈ పదింటిల మొదటి మూడింటికి కాయితం చూపెట్టనోడు ఎంత తియ్యగ మాట్లాడినా లేచి రావాలె. సిగ్గుపడొద్దు. కూరగాయలు కొనెటప్పుడు వంకాయ వంచి చూస్తం, లక్ష రూపాయల చదువు కొనెటప్పుడు అడుగుడుకు ఎందుకు సిగ్గు? అంగట్ల గొర్రెను కొంటె పండ్లు చూస్తం గదా!

సర్కారును అడగాల్సింది

తూచి చూసుకునుడు ఒక్కటే సరిపోదు. తూచెటందుకు తక్కెట్ల మంచి సరుకు ఏదన్న ఉండాలె గదా. 2016లో జిల్లాలు చేసిండ్రు, జనగామకు, మహబూబాబాద్‌కు, భూపాలపల్లికి కలెక్టర్ ఆఫీసులొచ్చినయి. సర్కారు డిగ్రీ కాలేజీకి పోతె బీఏ, బీకాం, బీఎస్సీల బోర్డే కనవడతది. పెంబర్తి ఇత్తడి మీద చెక్కే చేతులున్న జిల్లా ఇది. 2024లో దేవరుప్పుల మండలపు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ ఇచ్చిండ్రు. సంతోషమే. గాని ముసలితనంల శాలువా కప్పుడు వేరు, వయసుల సీటిచ్చుడు వేరు. మన కళకు దండ వేస్తరు, మన పిల్లకు డెస్కు వేయరు.

మన డిమాండ్లు ఇవి:

మూడు జిల్లాలల్ల కనీసం ఒక్క సర్కారు డిగ్రీ కాలేజీల గ్రాఫిక్ కమ్యూనికేషన్ డిగ్రీ తెరవాలె. ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ అనుబంధం ఇయ్యాలె, పర్మినెంటు టీచర్లను పెట్టాలె.

ఎస్సీ, ఎస్టీ, బీసీ స్టడీ సర్కిళ్లల్ల బొమ్మల ప్రవేశపరీక్షకు ఉచిత శిక్షణ పెట్టాలె.

ఫీజుతో పాటు రంగులు, కెమెరా, కంప్యూటర్ల ఖర్చు స్కాలర్‌షిప్‌ల కలపాలె. బకాయిలు పెట్టి పిల్లలను కాలేజీ గుమ్మం ముందర నిలబెట్టుడు ఆపాలె.

ప్రతి జిల్లా పరిషత్ హైస్కూల్‌ల డ్రాయింగ్ మాస్టరు ఉండాలె. వెనుకటికి డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయ్యి మన వాడల పిల్లలెందరో డ్రాయింగ్ సార్లయిండ్రు. ఆ నౌకరీలు నింపాలె.

డక్కలి, చిందు, కోయ డోలీ కళాకారులను, నకాషీలను కాలేజీకి పిలిచి జీతమిచ్చి పాఠం చెప్పించాలె. వాళ్లను గోడకు వేలాడదీసే బొమ్మలుగా చూడొద్దు, గురువులుగా చూడాలె.

ప్రైవేటు యూనివర్సిటీలల్ల రిజర్వేషన్ చట్టం తేవాలె.

గూగుల్‌ల ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్ల పేర్లు ఒకసారి చూడుండ్రి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ, గిడుగు, గురజాడ, సురవరం, మండలి, ఎన్టీఆర్. ఆ పేర్ల మీద నాకు కోపం లేదు. అక్షరం చెక్కినోనికి పేరు పెట్టే హక్కు ఉంటది, అంతే. పాలకుర్తి అయిలమ్మ, కడవెండి కొమురయ్య పుట్టిన గడ్డ మనది. ఈ గడ్డ మీది పిల్ల ఒకనాడు అక్షరం చెక్కి దానికి అయిలమ్మ అని పేరు పెడుతది. ఆ పిల్ల ఇప్పుడు ఏ తండల, ఏ మాదిగవాడల, ఏ బొగ్గుబాయి కాలనీల నోటుబుక్కు వెనుక అట్ట మీద బొమ్మలు గీస్తున్నదో! ఆమెను సారు కొడుతున్నడేమో, అవ్వ తిడుతున్నదేమో. ముందు ఆమెను తిట్టుడు ఆపుదాం.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్త. అక్క బర్రెను అమ్మలేదు. పిలగాడు ఏడాది ఆగుతనన్నడు. పగలు డీటీపీ షాపుల పని, రాత్రి బొమ్మల సాధన. ఫైన్ ఆర్ట్స్ పరీక్ష రాస్తడు. వస్తదో రాదో నేను చెప్పలేను. రాకుంటె మళ్ల రాస్తడు. మొన్న నా పాత కుంచెలు అటక మీది నుంచి దింపి ఇచ్చిన. "మామా, గీ గీత వంకర రాకుండ ఎట్ల గుంజేటోనివే" అని అడిగిండు. చీకట్ల, కుక్కలు మొరుగుతుంటె, పోలీసు జీపు వస్తదేమోనని ఒక చెవి రోడ్డు మీద పెట్టి గుంజినం బిడ్డా, వంకరొస్తె మళ్ల దిద్దుకునే టైమెక్కడిది అన్న.

కార్యకర్తలకు ఒక్క మాట. ఇంటర్ ఫలితాలు రాంగనే కాలేజీ ఏజెంట్లు వాడలకు దిగుతరు. వాళ్లకంటె ముందు మనం పోవాలె. ఊరూరా ఒక దినం పిల్లల్ని, తల్లిదండ్రుల్ని కూసోబెట్టి ఈ పది ప్రశ్నలు పెద్దగ చదువుండ్రి. వచ్చిన బ్రోచర్లన్ని మధ్యల పెట్టి ఒక్కొక్కదాన్ని తూకం వేయుండ్రి. మోసపోయినోళ్లు ఉంటె సిగ్గుపడకుండ చెప్పుమనండ్రి, వాళ్ల రసీదులు పోగుచేయుండ్రి. రసీదులు పది జమ అయితే కలెక్టర్ ఆఫీసుకు దరఖాస్తు, వంద జమ అయితే ధర్నా.

మన కబురు మనమే రాసుకుందాం, మన బొమ్మ మనమే గీసుకుందాం.

జై భీమ్!